చర్చ: చిన్న తరగతుల పిల్లలకు వారానికో గంట ఆరుబయట పాఠం కావాలా, వద్దా?

ములుగు దారి

మాది వరంగల్ నుంచి ములుగు వెళ్లే దారిలో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల. ఇద్దరు టీచర్లం, ఐదు తరగతులు, 43 మంది పిల్లలు. ఈసారి బడి తెరిచిన రెండో వారంలో మొదటి గట్టి వాన పడింది. మర్నాడు ఉదయం చూస్తే మైదానం నిండా ఆరుద్ర పురుగులు. ప్రార్థనకు వరుసలో నిలబడాల్సిన పిల్లలంతా గొంతుక్కూర్చుని నేలను చూస్తున్నారు. పిలిచినా ప్రయోజనం లేదని తెలిసి నేనూ వాళ్ల పక్కన కూర్చున్నాను.

మూడో తరగతి వాళ్లను దాని కాళ్లు లెక్కపెట్టమన్నాను. ఒకరు ఆరు అన్నారు, ఒకరు పది అన్నారు. అరచేతిలోకి తీసుకోగానే అది కాళ్లు ముడుచుకుని ఎర్ర మఖమలు గుండీలా పడి ఉంటుంది. మళ్లీ కదిలేదాకా చెయ్యి కదపకుండా ఆగాలి. తరగతిలో రెండు నిమిషాలు నిలకడగా కూర్చోని పిల్లవాడు అక్కడ ఊపిరి బిగబట్టి ఆగాడు. చివరికి ఎనిమిది అని తేలింది. "చీమకు ఆరు, సాలీడుకు ఎనిమిది, మరి ఇది ఎవరి చుట్టం?" అని ఒక అమ్మాయి అడిగింది. సాలీడు చుట్టమే. పరిసరాల విజ్ఞానం పుస్తకం పట్టుకుని ఇన్నేళ్లు పాఠం చెప్పాను, ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

అప్పటినుంచి ప్రతి శనివారం ఒక గంట బయటే. మూడు వారాలు గడిచాయి. మొన్న తల్లిదండ్రుల సమావేశంలో ఒకాయన లేచి, "చదువు మానిపించి పిల్లలను పురుగుల వెంట తిప్పుతున్నారు" అన్నారు. మరో ఇద్దరు తలూపారు. మీరేమంటారు?

పత్తి చేను

మేడం, ఆ సమావేశంలో లేచి మాట్లాడింది నేనే. ఇక్కడా అదే మాట చెబుతాను.

మా వాడికి తంగేడు తెలుసు, మోదుగ తెలుసు, ఏ పుట్ట పక్కన నడవకూడదో తెలుసు. అవి నేర్పడానికి మేమున్నాం, వాళ్ల తాత ఉన్నాడు. వాడికి రానిదల్లా 'తంగేడు' అని తప్పు లేకుండా రాయడం. అది మా ఇంట్లో ఎవరికీ సరిగా రాదు, అందుకే బడికి పంపాం. మూడో తరగతికి వచ్చాడు, బస్సు బోర్డు కూడబలుక్కునేలోపు బస్సు వెళ్లిపోతుంది. 2022లో తొలిమెట్టు అని పెట్టి, ఐదో తరగతిలోపు పిల్లలందరికీ చదవడం, రాయడం, లెక్కలు వచ్చేలా చేస్తామన్నారు కదా. ముందు ఆ మెట్టు ఎక్కించండి. పురుగులు ఎక్కడికీ పోవు.

ఇంకొకటి. చేల వైపు తీసుకెళతామంటే అసలే ఒప్పుకోను. మందు కొట్టిన చేనులోకి రెండు రోజుల దాకా నేనే అడుగు పెట్టను. పిల్లలు ఆకు తెంపి వాసన చూస్తారు, అదే చేత్తో మధ్యాహ్నం అన్నం తింటారు.

హంటర్ రోడ్డు అమ్మ

ఇది చదివి నాకు కొంచెం అసూయ కలిగింది. మేముండేది హన్మకొండలో మూడో అంతస్తు. మా బాబు చదివే ప్రైవేటు బడిలో ఆటస్థలం అంటే స్కూలు బస్సులు నిలిపే చోటు. పోయిన ఏడాది ప్రకృతి దినం అని చెప్పి 900 రూపాయలు తీసుకుని ఊరి బయట ఒక రిసార్టుకు తీసుకెళ్లారు. వాడు ఇంటికి వచ్చి చెప్పింది ఐస్‌క్రీము గురించి, జారుడుబల్ల గురించి. బతుకమ్మకు గునుగు పూలు బజారులో కట్టలు కొంటాం. అవి ఎక్కడ పూస్తాయని వాడు అడిగితే "చేలల్లో" అన్నాను. ఏ చేలల్లో, ఎవరు విత్తుతారు అని అడిగాడు. ఎవరూ విత్తరని నమ్మించడానికి చాలాసేపు పట్టింది.

ఇప్పుడు వడ్డేపల్లి చెరువు కట్ట మీదికి నేనే ఆదివారాలు తీసుకెళుతున్నాను. మీ పిల్లలు అదృష్టవంతులు.

పత్తి చేను

అమ్మా, తప్పుగా అనుకోవద్దు. మీ పిల్లలకు లేనిది మా పిల్లల దగ్గర ఉందని మీరంటున్నారు. మా పిల్లలకు లేనిది మీ పిల్లల దగ్గర ఉందని నేనంటున్నాను. మీ బాబు బస్సు బోర్డు చదువుతాడు కదా?

కళ్లజోడు

హన్మకొండలో కళ్లు పరీక్షించి అద్దాలు ఇచ్చే పని నాది. రెండో తరగతి పిల్లలు మైనస్ నంబరుతో రావడం ఇప్పుడు నాకు మామూలైపోయింది. ఆరుబయటకూ దీనికీ సంబంధం ఉంది. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకు రోజుకు 40 నిమిషాలు అదనంగా బయట గడిపే పీరియడ్ పెట్టి మూడేళ్లు గమనించారు. ఫలితాలు 2015లో వచ్చాయి. ఆ పీరియడ్ ఉన్న బడుల్లో కొత్తగా హ్రస్వదృష్టి, అంటే ఈ మైనస్ నంబరు, వచ్చినవారు 30.4 శాతం, లేని బడుల్లో 39.5 శాతం. గదిలో వెలుగు కొన్ని వందల లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) ఉంటే, బయట చెట్టు నీడలోనే వేలల్లో ఉంటుంది. ఆ వెలుగే కనుగుడ్డు అతిగా సాగకుండా ఆపుతుందని భావిస్తున్నారు.

కానీ మేడం గారికి ఒక మాట. అది రోజూ 40 నిమిషాలు. వారానికో గంటతో కళ్లకు ఒరిగేదేమీ లేదు. పైగా మీ పిల్లలు బడి వదలగానే బయటే తిరుగుతారు. ఈ మందు కావలసింది బస్సులు నిలిపే ఆటస్థలం ఉన్న బడికి. ఇప్పటికే అద్దాలు వచ్చినవారికి బయట తిప్పితే నంబరు తగ్గుతుందని కూడా ఆశ పెట్టుకోవద్దు.

రిటైర్డ్ హెచ్చెం

ఠాగూర్ 1901లో శాంతినికేతన్‌లో చెట్ల కింద బడి పెడితే అది ఆదర్శం. 1980ల్లో మేము వేపచెట్టు కింద పాఠం చెప్పింది గది లేక. రెండు తరగతులకు ఒక గది, దానికి సగం పెంకులు. మిగతా మూడు తరగతులూ చెట్టు నీడ ఎటు జరిగితే అటు జరిగేవి. వాన వస్తే బడి లేదు. గదుల కోసం మేము పెట్టిన అర్జీలు దొంతర పెడితే ఒక గోడ లేచేది. ఇప్పుడు గదులున్నవాళ్లు చెట్టు కిందే గొప్ప అంటే నాకు నవ్వొస్తుంది. కోపం కాదు, నవ్వే.

అయితే ఆ వేపచెట్టు ఒక పాఠం మాత్రం నాకంటే బాగా చెప్పింది. మాను చుట్టుకొలత జానలతో కొలవమన్నాను. ఒకడికి ఎనిమిది జానలు వచ్చింది, ఇంకొకడికి పదిన్నర. నువ్వు తప్పంటే నువ్వు తప్పని కొట్లాట. నేను కొలిస్తే ఆరే వచ్చింది. అప్పుడు టేపు తీశాను. మీటరు ఎందుకు పుట్టిందో మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు. నల్లబల్ల మీద అదే పాఠం మూడు రోజులు చెప్పినా నిద్రపోయేవాళ్లు.

బయటికి తీసుకెళ్లండి, కానీ కొలవడానికో, రాయడానికో తీసుకెళ్లండి. ఊరికే తిప్పి తెస్తే ఆయన అన్నది నిజమవుతుంది. ఇంకో సంగతి, ఎవరికైనా దెబ్బ తగిలితే ముందు సంజాయిషీ అడిగేది టీచరునే. అనుమతి కాగితం మీద రాయించుకోండి.

ములుగు దారి

అన్నా, మీరు మా సమావేశంలో చెప్పినప్పుడు నేను సరిగా జవాబు ఇవ్వలేకపోయాను. ఇప్పుడు ప్రయత్నిస్తాను.

పురుగులు ఎక్కడికీ పోవన్నారు. ఇవి పోతాయి. ఆరుద్ర పురుగు ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలోనే ఉంటుంది, తొలి వానలకు కొద్ది రోజులు పైకి వస్తుంది. ఈ వారం మా మైదానంలో ఒక్కటీ లేదు.

ఇక రాయడం గురించి. ఆ రోజు లోపలికి వచ్చాక ప్రతి ఒక్కరినీ రెండు వాక్యాలు రాయమన్నాను. మీ అబ్బాయి 'ముట్టుకుంటే కాల్లు ముడిచింది' అని రాశాడు. అప్పటిదాకా నేను రాసింది చూసి రాయడమే తప్ప, సొంతంగా ఒక్క వాక్యం రాసిన పిల్లవాడు కాదు. 'కాల్లు' చుట్టూ సున్నా చుట్టి 'కాళ్లు' అని పక్కన రాశాను. తరగతిలో ఇరవైసార్లు చెప్పిన 'ళ' అది. ఇప్పుడు వాడు ఎక్కడ 'ళ' కనిపించినా, పురుగు అక్షరం అంటున్నాడు. వాడికి తంగేడు తెలుసన్న మాట నిజమే. తెలిసినదాన్ని కాగితం మీద పెట్టడం తేలికని నా వాదన. వాడు ఎన్నడూ చూడని రైలు ఇంజను గురించి రాయమంటే ఏం రాస్తాడు?

గంటల లెక్క కూడా చెబుతాను. విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల బోధన. నేను తీసుకునేది సుమారు 35 గంటలు. మిగతా 765 గంటల్లో చదవడం రాకపోతే తప్పు ఈ 35ది కాదు, నాది.

చేల విషయంలో మీదే సరైన మాట. నేను ఆలోచించలేదు. చేల గట్ల మీదికి కూడా వెళ్లం. పొదల్లో చెయ్యి పెట్టకూడదని, చెప్పులు లేకుండా రాకూడదని మొదటి వారమే చెప్పాను. పాము కరిస్తే కట్టు బిగించకూడదు, కోయకూడదు, కదలనీయకుండా ఆసుపత్రికి చేర్చాలని పిల్లలచేత పలికించాను. ఎండ ముదిరితే, మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాక, ఈ గంట ఉండదు.

కళ్లజోడు గారూ, ఒప్పుకున్నాను. కళ్ల పేరు చెప్పి ఎవరినీ ఒప్పించను.

హంటర్ రోడ్డు అమ్మ

పురుగు అక్షరం! మా వాడికి చెప్పాను. 'ళ' చూసి అది నిజంగానే పురుగులా ఉందన్నాడు.

పత్తి చేను

నిన్న రాత్రి వాడి నోటుబుక్కు తీయించాను. చదివి వినిపించాడు. రెండు వాక్యాలే, కానీ ఆగకుండా చదివాడు. వాళ్ల తాత మళ్లీ చదవమన్నాడు.

నా అభ్యంతరం పూర్తిగా పోలేదు. మీరు మూడో తరగతిని బయటికి తీసుకెళితే మిగతా నాలుగు తరగతులూ రెండో టీచరు మీద పడతాయి. అప్పుడు అవి చదువుతాయా, గోల చేస్తాయా? దానికి మీరు జవాబు చెప్పలేదు. తెలుగు గంట మాత్రం ముట్టుకోకండి.

ములుగు దారి

జవాబు లేకే చెప్పలేదు, అన్నా. అందరినీ ఒకేసారి తీసుకెళ్లడానికి ఇద్దరం చాలం. ఊరి నుంచి ఒకరిద్దరు పెద్దవాళ్లు వస్తే కుదురుతుంది. తెలుగు గంట తీయను, ఆటల గంట తీస్తే పిల్లలు ఊరుకోరు. లెక్కల గంట తీసుకుని, హెచ్చెం సార్ చెప్పినట్టు జానలతో మొదలుపెడతాను.

పత్తి చేను

ఈ శనివారం నేను వస్తాను. మా పాత బావి దగ్గర ఈత చెట్టుకు గిజిగాడు గూళ్లు కడుతోంది. మగపిట్ట సగం అల్లి ఆపింది. ఆడపిట్ట వచ్చి చూసి ఒప్పుకుంటేనే మగపిట్ట మిగతా సగం అల్లి కింద గొట్టం దించుతుంది. ఇప్పుడైతే లోపలి అరలు కనిపిస్తాయి, ఆలస్యమైతే మూసుకుపోతాయి. ఎన్ని గూళ్లు సగం, ఎన్ని పూర్తి అని లెక్క రాయించండి.

అటువైపు చేను మాదే, ఈ వారం మందు కొట్టను. బావికి గోడ లేదు. పిల్లలను ఈత చెట్టుకు ఇవతలే, చింతచెట్టు దగ్గర ఆపాలి. అక్కడ తాడు కట్టి ఉంచుతాను.