గైనిక్ ప్రాక్టీసా, పరిశోధనా? ఇంట్లో రోజూ ఇదే గొడవ

రాజాం అన్న: మా చెల్లి ఎంబీబీఎస్ అయింది. గైనిక్‌లో పీజీ చేసి ఇక్కడే ఆస్పత్రి పెట్టాలని నాన్న పట్టు. అదేమో ఎండోమెట్రియోసిస్ మీద పరిశోధన చేస్తానంటోంది. గర్భసంచి లోపలి పొరలాంటిదే బయట పెరిగి, వాపు, నొప్పి తెచ్చే జబ్బట. ఎప్పటికి స్థిరపడుతుందోనని ఇంట్లో టెన్షన్. మీరేమంటారు?

బొబ్బిలి వీణ: డాక్టరే కావాలండి. కాన్పు కష్టమైతే మా ఊరి నుంచి ఆటోలో విజయనగరం పరిగెత్తాలి. ల్యాబులో ఎలుకల్ని చూసుకుంటే మనకేం ఒరుగుతుంది?

పలాస అప్ప: తమ్ముడూ, నేను జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్లేదాన్ని. కిలోల లెక్కన కూలి. బయట ఉన్న రోజుల్లో ఒక చేత్తో పొట్ట నొక్కుకుని ఇంకో చేత్తో పప్పు ఒలిచేదాన్ని. 33 ఏళ్లకి ఒక డాక్టరు 'పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకు' అని గర్భసంచి తీసేశారు. నొప్పి పోలేదు. జబ్బు అండాశయం మీద ఉందని ఆరేళ్ల తర్వాత ఇంకొకరు చెప్పారు.

సోంపేట మందుల షాపు: అప్ప ఒక్కర్తే కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతం, మన రాష్ట్రంలో 8.9. కోసేవాళ్లకి కరువు లేదు.

వీణ గారూ, నెలసరి నొప్పికి నేనిచ్చే మెఫెనమిక్ యాసిడ్ మాత్ర, ఒంట్లో నొప్పి, వాపు తెచ్చే ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు తయారవకుండా ఆపుతుంది. ఈ రకం మందులు అలా పనిచేస్తాయని 1971లో తేల్చిన జాన్ వేన్ రోగుల్ని చూసే డాక్టరు కాదు, ల్యాబు మనిషే. 1982లో నోబెల్ పంచుకున్నారు. అయితే కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి ఈ మాత్ర ప్రమాదం. మాది కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం, అందుకే ఇవ్వాలంటే చెయ్యాడదు. పోనీ హార్మోను మాత్రలంటే, పిల్లలు కావాలనుకునేవాళ్లకి కుదరవు. ఈ రెండూ కాని మందు ఎవరో ఒకరు కనిపెట్టాలిగా?

బొబ్బిలి వీణ: కనిపెట్టనివ్వండి, నేనేం వద్దన్నానా? అది వచ్చేలోపు కాన్పులు ఆగుతాయా? గైనిక్ పీజీ చేశాక పరిశోధన చేయకూడదా ఏం?

సోంపేట మందుల షాపు: చేయొచ్చు. ఇలాంటి పనికి ముంబైలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ల సంస్థే ఉంది.

రాజాం అన్న: అప్ప రాసింది నాన్నకి చదివి వినిపించాను. మా అమ్మకీ ఆ ఆపరేషన్ అయింది, 36 ఏళ్లకి. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత 'ముంబైలో హాస్టల్ ఉంటుందా' అని అడిగారు.