గుంటూరు మెస్సులో కారం తగ్గించమని అడగడం తప్పా?

బ్రాడీపేట పాతకాపు
పోయిన ఆదివారం హైదరాబాద్ నుంచి మా అబ్బాయిని, కోడల్ని, ఆరేళ్ల మనవరాలిని తీసుకుని మా ఊరొచ్చాను. అమరావతిలో ధ్యానబుద్ధుణ్ణి చూపించి, మధ్యాహ్నానికి గుంటూరులో ఒక మెస్సుకు వెళ్లాం. పప్పు, గోంగూర పచ్చడి, దొండకాయ వేపుడు, కోడికూర. రెండో ముద్దకే పిల్ల కళ్లమ్మట నీళ్లు కారిపోయాయి. "కారం తక్కువది ఏమన్నా ఉందా బాబూ" అని అడిగితే, వడ్డించే కుర్రాడు "ఇది గుంటూరండీ" అని నవ్వి వెళ్లిపోయాడు. పక్క బల్ల వాళ్లు కూడా నవ్వారు. నేను పుట్టి పెరిగిన ఊళ్లో నా మనవరాలు వట్టి పెరుగన్నం తిని లేచింది. ఊరు చూడ్డానికొచ్చినవాళ్లు కారం తగ్గించమనడం అంత తప్పా?

కృష్ణలంక
తప్పేం లేదండీ. బెజవాడ తీసుకురావాల్సింది. బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ పెట్టిస్తే పిల్ల హాయిగా తినేది.

రోలు_రోకలి
పాతకాపు గారూ, కోపం తెచ్చుకోకుండా వినండి. మెస్సులో వంద మందికి కూర ఒకే గుండిగలో వండి, పదకొండింటికల్లా దించేస్తారు. ఉడికిపోయిన కూరలో ఒక్క ఆకు కోసం కారం ఎట్టా తగ్గిస్తారు? గోంగూర సంగతంటారా, ఆకు నూనెలో మగ్గాక వేయించిన ఎండుమిరపకాయలు, ధనియాలు, వెల్లుల్లి కలిపి నూరతారు. ఆ పులుపుకు ఆ కారం పడాల్సిందే. తగ్గిస్తే పుల్లటి ముద్ద మిగులుద్ది. ఉడుపి వెళ్లి సాంబారులో బెల్లం తీసెయ్యమని అడుగుతామా? ఏ ఊరెళ్తే ఆ ఊరి తిండి తినాలి.

ఓరుగల్లు వాసి
గోంగూరను మేం పుంటికూర అంటం. మా దిక్కు కూడా కారమే తింటరు. ఇంత నెయ్యి పోసుకుంటే అయిపోయేది కదా.

బ్రాడీపేట పాతకాపు
మొదట ఒక్క చెంచా వేశారు. మళ్లీ అడిగితే 20 రూపాయలన్నారు.

తెనాలి కోడలు
నెయ్యికి డబ్బులా? కారంలో మంట పుట్టించే పదార్థం నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే పెద్దవాళ్లు పచ్చడి ముద్దలో నెయ్యి పెట్టారు, చివర్న పెరుగు పెట్టారు. అంత కారం వేసి నెయ్యి దగ్గర లెక్క చూసుకోవడం అన్యాయం. మా అత్తగారు గోంగూర వడ్డించిన చేత్తోనే నెయ్యిగిన్నె తెచ్చేది.

రోలు_రోకలి
మీ అత్తగారు వడ్డించింది నలుగురికి. వంద ఆకులకు నెయ్యి వేసి చూడండి, ఎంతవుద్దో తెలుస్తది.

తెనాలి కోడలు
అయితే కారం కూడా లెక్క చూసుకునే వెయ్యమనండి.

పల్నాడు పిల్లోడు
గుంటూరంటే కారమే అనే మాట ఎన్నాళ్లదండీ? మిరప మనదేశానికి పోర్చుగీసువాళ్లు తెచ్చింది. అంతకుముందే, 15వ శతాబ్దంలో కొండవీటి రెడ్ల కొలువులో ఉన్న శ్రీనాథుడు మిరపకాయ రుచే ఎరగడు. ఆయనకి ఘాటంటే మిరియాలే. పల్నాడొచ్చి జొన్నకూడు తినలేక, కన్నడదేశం వెళ్లి వెల్లుల్లి తినలేక విసుక్కున్నట్టు ఆయన పేరు మీద చాటువులున్నాయి. కవిసార్వభౌముడే ప్రయాణంలో తిండి గురించి గోల పెడితే, ఆరేళ్ల పిల్ల కోసం తాత అడిగితే నవ్వుతారా? మేం మిరప పండిస్తాం. యార్డుకు బస్తాలు తోలతామని కూరలో బస్తా కుమ్మరించుకోం. తేజ రకం మిరపకాయలు అమ్మకానికి, ఇంట్లోకి సన్నాల రకం, అవీ చూసుకుని వేస్తాం.

రోలు_రోకలి
శ్రీనాథుడి కాలం నాటి వంట వండితే ఇప్పుడు ఎవరొస్తారండీ? ముప్పై ఏళ్లు హైదరాబాదులో ఉండి, నాలుక అక్కడ మార్చుకుని, ఏడాదికోసారి వచ్చి ఇక్కడ పొయ్యి ముందు చచ్చేవాళ్లకు వంకలు పెట్టడం తేలిక. ఊరు మీదైతే ఊళ్లోనే ఉండాల్సింది.

కృష్ణలంక
అంత మాట వద్దు సోదరా.

బ్రాడీపేట పాతకాపు
ఉద్యోగం కోసం వెళ్లాను, ఊరు వదిలేసుకోలేదు. నా నాలుక మారలేదు. మా అమ్మ గోంగూరకు మిరపకాయలు ఒక్కొక్కటీ తుంచి, గింజ దులిపి వేసేది. పులుసులో కారం వేయకముందే చిన్నగిన్నెడు పిల్లలకని పక్కకు తీసేది. పాలు పోసి వండిన సొరకాయ, ముద్దపప్పు, మజ్జిగపులుసు, ఇవన్నీ మా వీధిలో ప్రతి ఇంట్లో వండేవాళ్లు. ఇవి గుంటూరు తిండి కాదా? ఆ మెస్సు గోడ మీద నిలువెత్తు మిరపకాయ బొమ్మ వేసి, కింద "దమ్ముంటే తిను" అని రాశారు. అన్నం పెట్టే చోట ఆ మాటేంటి? పిల్ల నోరు మండింది, అది పెరుగుతో తగ్గింది. మా అమ్మ వంటను పందెం కింద మార్చి, ఓడిపోయిందని పిల్లను చూసి నవ్వారే, అదే నాకు తగ్గడం లేదు.

పల్నాడు పిల్లోడు
నిజం.

రోలు_రోకలి
ఇందాక మాట తూలాను, క్షమించండి. ఇంకో సంగతి చెప్పాలి. మా అమ్మ పన్నెండేళ్లుగా మెస్ నడుపుతోంది. మీరు తిన్నది మా దగ్గర కాదు, మా గోడ మీద బొమ్మల్లేవు. ఆర్నెల్ల కింద ఒకతను ఫోన్ పట్టుకుని వచ్చి, రెండు ముద్దలు తిని, "చప్పగా ఉంది, ఇది గుంటూరు భోజనమేనా" అని వీడియో పెట్టాడు. ఆ రోజు కోడికూరలో అమ్మ వేసింది పన్నెండేళ్లుగా వేస్తున్న కారమే. ఆ తర్వాత వారం రోజులు వండిన కూర సగం మిగిలిపోయింది. అప్పుడు నేనే అమ్మతో పోట్లాడి గుండిగకు ఇంకో గరిటె వేయించాను. వేసేటప్పుడు ఆవిడ నా మొహం చూడలేదు. ఒకడు చప్పగా ఉందంటాడు, ఒకరు మంటంటారు. అద్దె కట్టాల్సినవాణ్ణి, ఎవరి నాలుకకు వండమంటారు?

బ్రాడీపేట పాతకాపు
మీ అమ్మగారి నాలుకకు వండమనండి. ఆ వంట తినడానికే ఊరొస్తున్నాం.

రోలు_రోకలి
మీరొచ్చేది ఏడాదికోసారే కదండీ.

తెనాలి కోడలు
మేం నెలకు రెండుసార్లు గుంటూరు వస్తాం. మెస్ ఎక్కడో చెప్పండి. నెయ్యి మాత్రం అడుగుతాను.

రోలు_రోకలి
రాత్రి ఇదంతా అమ్మకు చదివి వినిపించాను. పిల్లలకని గిన్నె తీసేవాళ్లన్న దగ్గర మళ్లీ చదవమంది. రేపట్నుంచి రోజూ ముద్దపప్పు, కారం లేని చారు విడిగా ఉంచుతానంది. దానికి నేను సరేనన్నాను. కోడికూరలో నేను వేయించిన ఆ గరిటె కూడా తీసేస్తానంటోంది. దానికి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.