టెర్రస్ మీద విండ్‌మిల్: భుజం కందిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న (బెంగళూరు): అట్టపెట్టె విప్పి పరిచి విండ్‌మిల్ (కాళ్ళు చాచి, భుజాలు, వీపు మీద నేలపై గుండ్రంగా దొర్లే బ్రేక్ డాన్స్ స్టెప్పు) వేస్తుంటే రెండో చుట్టుకే ఆగిపోతోంది, భుజం కందిపోతోంది. 1984 నాటి ‘బ్రేకిన్’ సినిమాలో టర్బో అనే పాత్ర వేసే చీపురు డాన్స్ నేర్చుకోవాలన్నా ముందు ఇదే రావాలా?

జవాబు: అన్నా, నువ్వు భుజం మొన మీద పడుతున్నావు. ఎడమ మోచేతిని పొట్టకు పక్కగా, తుంటి ఎముక పైన గుచ్చినట్టు ఆనించు. తల కిందికి దించి, కాలు విసురుతూ భుజం వెనక కండ మీదికి జారు. అక్కణ్ణుంచి వీపు పైభాగం మీదుగా దొర్లి మళ్ళీ మోచేతి మీదికే రావాలి. కాళ్ళు వీలైనంత వెడల్పుగా ఉండాలి. అవి దగ్గరికొస్తే నడుము నేలకు తగిలి వేగం చచ్చిపోతుంది. రెండో చుట్టు ఆగేది దాదాపు ఎప్పుడూ ఇందుకే.

జవాబు: చీపురు డాన్స్‌కి విండ్‌మిల్ అక్కర్లేదండీ. అది పాపింగ్. కాలిఫోర్నియాలో పుట్టింది, కండను టక్కున బిగించి వదలడమే దాని ప్రాణం. న్యూయార్క్ బ్రాంక్స్‌లో పుట్టిన బ్రేకింగ్ వేరు. సినిమాలు రెంటినీ ఒకే పేరుతో చూపించాయి, మనమూ అన్నింటినీ ‘బ్రేక్ డాన్స్’ అనేశాం. పాపింగ్ చేసేవాళ్ళకు వాళ్ళ సొంత పేరు దక్కాలి.

జవాబు (చెన్నై): అట్ట సిమెంటు మీద జరుగుతుంది, నాలుగంచులూ టేపు వేయండి. ఆరడుగుల చదరం వినైల్ షీటైతే ఇంకా మేలు. చెమట పట్టిన ఒళ్ళు దానికి అతుక్కుంటుంది కాబట్టి ఫుల్‌హ్యాండ్స్ నైలాన్ జాకెట్ వేసుకోండి. పౌడర్ మాత్రం చల్లకండి, చేతులు జారి మణికట్టు మెలిపడుతుంది.