ఉగాదికి 3-5 ఏళ్ల పిల్లోళ్ల డ్యాన్స్ రూం: ఎవరెవరు ఏం చేస్తారో ఈడే చెప్పండి

పిల్లల టీం, ప్రస్తుతం అనంతపురంలో:
అందరికీ నమస్తే. నేను ఇంకా అమ్మోళ్లింట్లోనే ఉండా, డల్లాస్‌కి వచ్చేది ఉగాదికి వారం ముందే, అందుకే ఇప్పుడే రాస్తాండా. పోయినసారి చిన్నపిల్లల ఐటెం గుర్తుందిగా, మూడేళ్ల పాపకి జడకుచ్చులు వడ్డాణం అన్నీ కట్టి గంటన్నర స్టేజీ పక్కన నిలబెట్టి, తీరా లైట్లు పడేసరికి అది ఏడుపు మొదలుపెడితే పక్కనున్న నలుగురూ అందుకున్న్యారు. ఆ పాప మా పాపే, వడ్డాణం కట్టింది నేనే, కాబట్టి ఎవర్నీ అనడంల్యా. ఈసారి వీళ్లకి స్టేజీ వద్దు, హాల్ పక్కన చిన్న రూం ఇప్పించండి చాలు. చూసేవాళ్లంటూ ఉండరు, లోపలికొచ్చినోళ్లు అవ్వాతాతలతో సహా ఆడాల్సిందే.

ఈడ మా వీధి చివర అంగన్‌వాడీ ఉంది. పాలకి పోతా పోతా నిలబడి చూసినా. టీచరమ్మ ముగ్గుపిండితో పెద్ద గుండ్రం గీసింది, డెకరేషన్ అంతే. గిన్నె మీద గరిటెతో కొడితే గీత మీద నడవాల, ఆపితే బొమ్మ మాదిరి నిలబడిపోవాల, నిదానంగా కొడితే ఏనుగు, టకటకా కొడితే కోడిపిల్ల. ఒక పిల్లోడు, నాలుగేళ్లుంటాయేమో, జారే నిక్కరు ఒక చేత్తో పట్టుకుని గోడకానుకునే ఉండాడు. మూడు రోజులు చూసినా, కదల్లా. ఆయమ్మ పిలవనూ లేదు, లాగనూ లేదు. నాలుగో రోజు గిన్నె ఆగింది, గోడ దగ్గరే వాడూ బొమ్మైపోయినాడు, నిక్కరు వదిలేసి మరీ. మన రూంలో కూడా గోడవార చాప వేస్తాం, ఇష్టం లేనోళ్లు కూర్చుంటారు, "చెయ్ నాన్నా, ఆంటీకి చూపించు" అని ఎవరూ తొయ్యొద్దు, ముఖ్యంగా ఫోన్ పట్టుకుని తిరిగే నాన్నలు.

స్టేజీ టీం:
అమ్మా, చెప్పింది బాగానే ఉంది గానీ పిల్లలు స్టేజీ ఎక్కకపోతే వాళ్ల అమ్మానాన్నలు సాయంత్రం దాకా ఉంటారా? మూడు నిమిషాలు ఏదో ఒక సినిమా పాట పెట్టేద్దాం.

పిల్లల టీం:
అన్నా, ఆ మూడు నిమిషాల కోసం గంటన్నర నిలబెట్టాల కదా. డబ్ల్యూహెచ్‌ఓ 2019లోనే చెప్పింది, 3-4 ఏళ్ల పిల్లలు రోజుకి కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదపాల, ఒకేసారి గంటకి మించి కదలనీకుండా కట్టేయొద్దు అని. మనం పండగపూట సరిగ్గా ఎదురు చేస్తాన్నాం.

నేననుకున్న ఆట ఇదీ, శనక్కాయ సేద్యం. పిల్లలు విత్తనాల మాదిరి ముడుచుకుని పడుకుంటారు, మీద పల్చటి చీర ముక్క, అది మన్ను. పెద్దోళ్లు కాళ్లతో దబదబా తొక్కితే ఉరుము, మా జిల్లాలో ఉరుము అనే వాయిద్యం వాయిస్తా ఆడే ఉరుముల నృత్యం ఉందిగా, ఆ మోత రికార్డు చేసుకొస్తా. వేళ్లతో నేల మీద టపటపా కొడితే వాన. అనంతపురంలో వాన తొందరగా రాదు, అంచేత కొంచేపు కాపెట్టిద్దాం, పిల్లలకి అదే ఇష్టం. తర్వాత మొలకెత్తాల, పసుపుపచ్చ పువ్వు పుయ్యాల, ఆ పువ్వు నించి ఊడ దిగి మన్నులోకి పోవాల, అంటే చేతులు మెల్లగా కిందికొచ్చి నేలలో దూరినట్టు. చివర్లో చెట్టు పీకి మన్ను దులపడం, ఆడ ఎగిరినంత ఎగరనీండి. పీకేటప్పుడు మాత్రం ఒక చెయ్యి పట్టి లాగొద్దు, ఐదేళ్ల లోపు పిల్లలకి మోచెయ్యి కీలు జారిపోతాది, చంకల కింద పట్టి లేపాల. ఇంకోటి, నిజం శనక్కాయలు ఎవరూ తేవద్దు, అలర్జీ పిల్లలుంటారు.

కర్నూలు అక్క:
మా జాతరల్లో ఆడే గొరవయ్యలను మర్చిపోతే ఎట్లమ్మా! నల్ల కంబళి, ఎలుగుబంటి వెంట్రుకల టోపీ, చేతిలో డమరుకం, చిన్నప్పుడు జాతరలో చూసి నేను దాక్కున్నా. పిల్లలకి నల్ల టవల్ భుజాన వేసి తిప్పుదాం.

పిల్లల టీం:
వేద్దాం అక్కా, తిరిగేది మాత్రం మూడు చుట్లే, తర్వాత కూర్చోపెట్టాల. టవల్ మెడకి కట్టొద్దు.

కడప బావ:
అంతా మీవేనా, మా చెక్కభజన యాడ పోయింది? నా దగ్గర చేతుల్తో వాయించే చెక్కలు రెండు జతలు ఉండాయి, తెస్తా.

పిల్లల టీం:
బావా, నీ చెక్కలకి ఇనప బిళ్లలుంటాయి, పిల్లల వేళ్లు నలుగుతాయి. పేపర్ ప్లేట్లు రెండు రెండు ఇస్తాం, అడుగు మాత్రం నువ్వే నేర్పు, రెండడుగులు ముందుకి ఒకటి ఎనక్కి, అంతకంటే వద్దు.

మిగతావి: బ్యాచ్‌కి 15 మంది, 20 నిమిషాలు. పాపలకి పట్టులంగా కాలికింద పడకుండా పిన్ను పెట్టించండి, సాక్సులు తీసేయాల, ఆ నేల నున్నగా ఉంటాది. బాత్రూంకి తీసుకుపోయేది అమ్మానాన్నలే, వాలంటీర్లు కాదు. స్పీకర్ చిన్నది చాలు, ఎవరిదుంది?

స్టేజీ టీం:
సరే, రూం ఇప్పిస్తా. స్పీకర్ నాదే ఉంది. చీర ముక్కలు ఎవరు తెస్తారు?

పిల్లల టీం:
మా అమ్మ పాత వాయిల్ చీరలు మూడు కత్తిరించి అంచులు కుట్టేసింది, 18 ముక్కలు. సూట్‌కేసులో అవి పెట్టేసరికి ఓళిగలకి జాగా లేదు, బావ అడగకముందే చెప్తాండా.

కడప బావ:
చెక్కలు వద్దంటివి, ఓళిగలూ లేవంటివి. పేపర్ ప్లేట్లు ఎన్ని తేవాల?