మెరుగుపడుతున్న ఆటగాడు ఏ గోల్ఫ్ బంతి ఎంచుకోవాలి?

ప్రశ్న: ఆదివారం ఆటగాడు, హైదరాబాద్

అందరికీ నమస్కారం. నేను గోల్ఫ్ మొదలుపెట్టి మూడేళ్లు దాటింది. చాలాకాలం 26 దగ్గరే నిలిచిపోయిన నా హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని చూపే అంకె, తగ్గేకొద్దీ ఆట మెరుగు), గత ఏడాదిగా శ్రద్ధగా సాధన చేయడం వల్ల ఇప్పుడు 17కి వచ్చింది. వారానికి ఒక రౌండ్, కుదిరితే రెండు, ఎక్కువగా గోల్కొండ కోట పక్కనున్న కోర్సులో ఆడతాను. ఇంతకాలం బంతి గురించి ఆలోచించినవాణ్ణి కాను. బ్యాగులో చేతికి ఏది తగిలితే అదే టీ (తొలి దెబ్బకు బంతిని నిలిపే చిన్న మేకు) మీద పెట్టేవాణ్ణి. ఒకే రౌండులో మూడు కంపెనీల బంతులు వాడిన రోజులు కూడా ఉన్నాయి.

మొన్న ఆదివారం జరిగిన ఒక సంగతి నన్ను ఆలోచనలో పడేసింది. నా బంతి రాళ్ల మధ్యకు పోయి దొరకకపోవడంతో, అంతకుముందు పొదలో దొరికిన ఒక టైటిలిస్ట్ ప్రో వీ1 బంతితో ఆట కొనసాగించాను. గ్రీన్‌కు (జెండా ఉండే నున్నటి గడ్డికి) ఇరవై గజాల దూరం నుంచి, ముఖం బాగా వాలి ఉండే 56 డిగ్రీల వెడ్జ్ క్లబ్‌తో ఎప్పటిలాగే చిప్ చేస్తే (చిన్నగా తట్టి పంపితే), ఆ బంతి తక్కువ ఎత్తులో వెళ్లి, రెండు గెంతులు గెంతి, మూడో గెంతులో ఎవరో పట్టుకున్నట్టు ఆగిపోయి, జెండాకు ఎనిమిది అడుగులు ఇవతలే మిగిలింది. తరువాతి హోల్‌లో దానినీ పోగొట్టుకుని నా పాత రెండు పొరల బంతి తీశాను. దాదాపు అదే దూరం, అదే క్లబ్, నాకు తెలిసినంతలో అదే స్వింగ్. ఈసారి బంతి జెండాను దాటి గ్రీన్ అవతలి అంచు వరకు దొర్లుకుంటూ పోయింది. తేడా నా చేతిదా, బంతిదా?

అన్నిటికన్నా దూరం కొట్టే డ్రైవర్ క్లబ్‌తో నా స్వింగ్ వేగం గంటకు 90 మైళ్లు ఉంటుందని సాధన మైదానంలో కొలిచి చెప్పారు. రౌండుకు సగటున మూడు బంతులు పోగొట్టుకుంటాను. ప్రో వీ1 డజను ఐదు వేల రూపాయలకు అటూ ఇటూగా ఉంది. ఖరీదైన బంతులు వేగంగా కొట్టేవారికే పనికివస్తాయనీ, నా వంటివారు తక్కువ కంప్రెషన్ ఉన్న మెత్తని బంతి వాడాలనీ తోటి ఆటగాడు ఒకరు గట్టిగా చెబుతున్నారు. అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

సమాధానం: వెడ్జ్ వీరాభిమాని, సికింద్రాబాద్

మీ రెండు చిప్‌ల మధ్య తేడాలో పెద్ద భాగం బంతిదే. అది ఎందుకు వస్తుందో తెలిస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

చౌకగా దొరికే రెండు పొరల బంతుల్లో ఎక్కువ వాటికి పై పొర అయోనమర్ అనే గట్టి ప్లాస్టిక్‌తో ఉంటుంది. పాత ఆటగాళ్లకు ఇది సర్లిన్ అనే పేరుతో పరిచయం. ప్రో వీ1, టేలర్‌మేడ్ టీపీ5, శ్రిక్సన్ జెడ్-స్టార్ వంటి వాటికి పై పొర పల్చని యురేథేన్, దాని కింద గట్టి మాంటిల్ పొర ఉంటాయి. వెడ్జ్ తగిలిన క్షణంలో మెత్తని యురేథేన్ కింది గట్టి పొరకూ క్లబ్ ముఖం మీది గాడులకూ మధ్య నలిగి, జారకుండా పట్టుకుంటుంది. ఆ పట్టు వల్ల బంతి కిందుగా బయలుదేరి ఎక్కువగా తిరుగుతుంది. అయోనమర్ పొర అదే చోట కొంత జారుతుంది కాబట్టి బంతి కాస్త ఎత్తుగా లేచి, తక్కువ తిరిగి, నేల తాకిన తరువాత ఎక్కువ దూరం దొర్లుతుంది. మీరు చెప్పిన "తక్కువ ఎత్తులో వెళ్లి మూడో గెంతులో ఆగడం" అచ్చంగా యురేథేన్ లక్షణమే. అయితే ఒక హెచ్చరిక: ఉదయం మంచుతో తడిసిన గడ్డిలోనో, మట్టి నిండిన గాడులతోనో కొడితే ఏ బంతి అయినా జారుతుంది. ఐదు వేల రూపాయల బంతి కొని వెడ్జ్‌ను తుడవని వారిని నేను ప్రతి వారం చూస్తున్నాను.

ఇక డ్రైవర్ సంగతి. బంతి బరువు 45.93 గ్రాములకు మించకూడదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, బయలుదేరే వేగానికీ పరిమితి ఉంది. గోల్ఫ్ నియమాలు రూపొందించే ఆర్ అండ్ ఏ, యూఎస్‌జీఏ సంస్థలు ఆమోదించిన బంతులన్నీ ఆ గీత లోపలే ఉంటాయి కనుక, మీ స్వింగ్ వేగానికి ఒక మంచి బంతికీ ఇంకో మంచి బంతికీ మధ్య డ్రైవర్ దూరంలో వచ్చే తేడా కొద్ది గజాలే. డ్రైవర్ ముఖానికి సరిగ్గా మధ్యలో తగలకపోతే పోయే దూరం అంతకంటే చాలా ఎక్కువ. పైగా పద్దెనిమిదిలో నాలుగు పొట్టి పార్-3 హోళ్లున్న కోర్సులో మీరు డ్రైవర్ తీసేది మహా అయితే పద్నాలుగు సార్లు. మీ స్కోరు 90 దాటుతుందనుకుంటే, మిగిలిన షాట్లలో ఎన్ని గ్రీన్‌కు వంద గజాల లోపల జరుగుతున్నాయో ఒకసారి లెక్క వేసుకోండి. అందుకే బంతిని గ్రీన్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి, టీ వైపు ఎంచుకుంటూ రావాలి. దుకాణంలో వల ముందు నిలబడి డ్రైవర్ కొట్టి బంతి ఎంచుకోవడం తలకిందుల పద్ధతి అని నా గట్టి అభిప్రాయం.

"ఖరీదైన బంతులు వేగంగా కొట్టేవారికే" అన్న మాటకు ఒక చరిత్ర ఉంది. 2000 వరకు వృత్తి ఆటగాళ్లలో ఎక్కువ మంది లోపల రబ్బరు దారం చుట్టిన బంతి వాడేవారు; వాటిలో చాలావాటికి బలాటా అనే మెత్తని రబ్బరు తొడుగు ఉండేది. క్లబ్ అంచు తగిలితే చాలు, దాని మీద నవ్వుతున్న నోరు లాంటి గాటు పడేది. సామాన్య ఆటగాడికి ఆ ఖర్చు అనవసరం అనుకోవడంలో అప్పట్లో న్యాయం ఉంది. ఆ ఏడాది అక్టోబరులో ప్రో వీ1 టూర్ ఆటలోకి వచ్చాక, గట్టి కోర్ (నడిమి గుండు) మీద యురేథేన్ పొర వేసిన బంతులు అటు దూరాన్నీ ఇటు స్పిన్‌నూ (బంతి తిరుగుడునూ) ఇవ్వగలవని తేలిపోయి, దారం చుట్టిన బంతులు త్వరలోనే కనుమరుగయ్యాయి. బంతి మారినా మాట మాత్రం మిగిలిపోయింది. ఇరవై గజాల చిప్‌లో మీ చేతి వేగానికీ వృత్తి ఆటగాడి చేతి వేగానికీ పెద్ద తేడా ఉండదు కదా!

పరీక్ష ఇలా చేయండి. రెండే రెండు మోడళ్లు, ఒక్కొక్కటి మూడు బంతులు తీసుకోండి. ప్రాక్టీస్ గ్రీన్ పక్కన ఒకే చోట నుంచి మార్చి మార్చి చిప్ చేసి, ఎక్కడ పడ్డాయో కాదు, పడిన చోటు నుంచి ఎన్ని అడుగులు దొర్లాయో రాసుకోండి. తరువాత యాభై గజాల పిచ్ (ఎత్తుగా లేపే దెబ్బ), ఆ తరువాత మధ్య దూరాలకు వాడే 7 ఐరన్, అన్నిటికన్నా చివర డ్రైవర్. రేంజ్‌లో ఇచ్చే బంతులతో ఈ పరీక్ష చేయవద్దు, వాటి తయారీయే వేరు. ఏది నచ్చితే దాన్ని మూడు నెలలు మార్చకుండా ఆడండి. చిప్ ఎంత దొర్లుతుందో చేతికి అలవాటు కావాలంటే ప్రతిసారీ అదే బంతి ఉండాలి.

సమాధానం: సముద్రపు గాలి, విశాఖపట్నం

పై మిత్రుడు చెప్పిన శాస్త్రంతో నాకు పేచీ లేదు, లెక్కతో ఉంది. డజను ఐదు వేలంటే ఒక్కో బంతి నాలుగు వందల రూపాయల పైమాటే. రౌండుకు మూడు, నెలకు ఆరు రౌండ్లు; నెలకు పద్దెనిమిది బంతులు, అంటే ఏడున్నర వేల రూపాయలు పొదల పాలు. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. కొత్త ఖరీదైన బంతిని నీటి మడుగు ముందు టీ మీద పెట్టినప్పుడు మన భుజాలు బిగుసుకుంటాయి. బ్యాగులో పాత బంతి కోసం వెతకడం మొదలవుతుంది. అలా ఒక రౌండులో రెండు రకాలు ఆడితే ఆయన చెప్పిన అలవాటు సూత్రమే దెబ్బతింటుంది.

నేను ఈస్ట్ పాయింట్ కోర్సులో ఆడతాను. మధ్యాహ్నం సముద్రం మీది నుంచి గాలి లేచాక, స్పిన్ ఎక్కువైన బంతి ఎదురుగాలిలో గాలిపటంలా పైకి లేచి, ముందుకు సాగకుండా కిందికి దిగుతుంది. కుడి వైపు వంకర తిరిగే స్లైస్ ఉన్నవారికైతే కష్టం రెట్టింపు. 14 హ్యాండిక్యాప్‌తో ఇప్పటికీ రెండు పొరల బంతే వాడుతున్నాను. చిప్ దొర్లుతుందని ముందే తెలుసు కనుక, ఇవతలే దింపుతాను. రౌండుకు పోయేది ఒక్క బంతికి తగ్గేదాకా మీరూ అదే చేయండి. మోడల్ మాత్రం మార్చవద్దు, ఆ ఒక్క విషయంలో ఆయనా నేనూ ఒకటే.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక విషయం ముందే చెప్పవలసింది. నేను పోగొట్టుకునే బంతులు దాదాపు అన్నీ డ్రైవర్‌తోనే, కుడి వైపే పోతాయి. ఐరన్లతో పోయేవి అరుదు. 7 ఐరన్ నేరుగా గ్రీన్ మీద పడినా చాలాసార్లు ఆగక గ్రీన్ వెనక అంచు దాటి దొర్లిపోవడం మాత్రం నన్ను బాధిస్తోంది. కంప్రెషన్ గురించి కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది.

సమాధానం: డాలస్ డ్రా, టెక్సస్

కంప్రెషన్ అన్నది బంతిని నొక్కితే ఎంత లొంగుతుందో చెప్పే అంకె. చాలా మెత్తనివి నలభై లోపు, గట్టివి వంద దగ్గర ఉంటాయి. వేగం తక్కువైతే గట్టి బంతి నొక్కుకోదు, అందువల్ల దూరం పోతుంది అన్నది దుకాణాల్లో బాగా చెల్లే మాట, అంతే. డ్రైవర్ తగిలితే ఎవరి చేతిలోనైనా బంతి నొక్కుకుంటుంది. వేగంగా కొట్టేవారికి మరీ మెత్తని బంతి కాస్త దూరం తగ్గిస్తుంది. మీ వేగం దగ్గర ఆ తేడా చాలా చిన్నది. కాబట్టి కంప్రెషన్‌ను పట్టర్‌తో (గ్రీన్ మీద బంతిని దొర్లించే క్లబ్‌తో) తగిలినప్పుడు చెవికీ చేతికీ నచ్చే సంగతిగా చూడండి, దూరం తెచ్చే మంత్రంగా కాదు.

మీ 7 ఐరన్ బాధకు కారణం స్పిన్ ఒక్కటే కాకపోవచ్చు, బంతి ఏ కోణంలో దిగుతున్నదన్నది కూడా ముఖ్యం. క్లబ్బులు అమర్చే నిపుణులు 45 డిగ్రీలకు దగ్గరగా దిగాలని చూస్తారు. మన వేగానికి అంత నిటారుగా దిగడం కష్టం, కనుక స్పిన్ సహాయం మనకే ఎక్కువ కావాలి. స్పిన్ బాగా తగ్గించి తయారుచేసిన మెత్తని బంతి టీ మీద నేరుగా పోయినట్టు అనిపించినా, గట్టిపడిన బెర్ముడా గడ్డి గ్రీన్ మీద ఐరన్‌తో నిలబడదు. డ్రైవర్ స్లైస్‌ను బంతితో నయం చేయాలని చూడకండి. దానికి మందు క్లబ్‌ను పట్టుకునే తీరులోనూ క్లబ్ ముఖంలోనూ ఉంది.

విశాఖ మిత్రుడి లెక్క నిజమే, కానీ ఆయన రెండు చివరలే చూపించారు. మధ్యలో యురేథేన్ పొర ఉండి ధర తక్కువ ఉన్న బంతులు ఉన్నాయి: శ్రిక్సన్ క్యూ-స్టార్ టూర్, టేలర్‌మేడ్ టూర్ రెస్పాన్స్, ఇక్కడ కాస్ట్‌కో దుకాణాల్లో దొరికే కిర్క్‌లాండ్ వంటివి. మాకు ప్రో వీ1 డజను యాభై డాలర్ల పైన ఉంటే, ఇవి అంతకన్నా బాగా తక్కువ. వేసవిలో మా అమ్మానాన్నలు ఆవకాయ నింపుకొచ్చిన సూట్‌కేసుల్లో తిరుగు ప్రయాణంలో బంతులు పంపిస్తుంటాను. డజను బంతులు 551 గ్రాములే.

వాడిన బంతులు కొంటే ఒక జాగ్రత్త. కడిగి, తరగతులుగా వేరుచేసి అమ్మేవి వేరు. మళ్లీ రంగు వేసి అమ్మేవి వేరు. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర "కొత్తవాటితో సమానం" అని కొన్న రెండు డజన్లు నాలుగో హోల్‌కే బంకర్ ఇసుకకు పెచ్చులూడాయి; డింపుల్స్ అనే గుంటల లోపల రంగు పేరుకుని ఉంది. గుంటల లోతు మారితే బంతి గాలిలో పోయే తీరే మారుతుంది. చవకైనా వాటి జోలికి పోవద్దు.

ప్రశ్న అడిగినవారు

రెండు వారాల తరువాత రాస్తున్నాను. నా పాత రెండు పొరల బంతినీ, మధ్యస్థ ధరలో ఉన్న మూడు పొరల యురేథేన్ బంతినీ చెప్పిన పద్ధతిలో పరీక్షించాను. ఇరవై గజాల చిప్‌లో పాతది పడిన చోటు నుంచి సగటున 23 అడుగులు దొర్లితే, యురేథేన్ 14 అడుగులకు ఆగింది. అంతకంటే నన్ను ఆకట్టుకున్నది, యురేథేన్ బంతులు మూడూ ఒక పట్టర్ పొడవు లోపల గుమిగూడి ఉండటం. 7 ఐరన్‌తో తేడా కనిపించింది కానీ చిప్‌లో కనిపించినంత కాదు. డ్రైవర్‌తో ఏది ఏదో నేను చెప్పలేకపోయాను. రెండూ సమానమైన నిష్ఠతో కుడి వైపుకే పోయాయి.

యురేథేన్ బంతికే స్థిరపడుతున్నాను. విశాఖ మిత్రుడి మాటనూ పూర్తిగా వదలలేదు: కుడి పక్కన రాళ్లున్న మూడు హోళ్లలో డ్రైవర్ తీయకుండా డ్రైవర్ కంటే తక్కువ దూరం కొట్టే 5 హైబ్రిడ్ క్లబ్‌తో టీ కొట్టాను. గత ఆదివారం పోయింది ఒక్క బంతే. చివరిగా రెండు చిన్న సందేహాలు. రాళ్లకు తగిలి పై పొర గరుకుగా మారితే హోల్ మధ్యలో బంతి మార్చవచ్చునా? ఇదే మోడల్ పసుపు రంగులోనూ ఉంది, తీసుకోవచ్చునా?

సమాధానం: వెడ్జ్ వీరాభిమాని

కేవలం గీతలు పడినంత మాత్రాన హోల్ మధ్యలో మార్చడానికి నియమాలు ఒప్పుకోవు. చీలినా పగిలినా మార్చవచ్చు. హోల్ ముగించాక తరువాతి టీ దగ్గర కొత్తది తీసుకోవడానికి అభ్యంతరం లేదు; పోటీలో ఒకే బంతి నియమం పెడితే మాత్రం, ఆ కొత్తది కూడా అదే మోడల్‌ది కావాలి. గోటితో రాస్తే పోగులు లేచేంత గరుకైన బంతిని ప్రాక్టీస్ గ్రీన్‌కు పంపించండి.

పసుపు నిరభ్యంతరంగా తీసుకోండి, రంగు తప్ప మరేమీ మారదు. వెతకడానికి మూడు నిమిషాలే గడువు కాబట్టి, మార్చి నెలలో గడ్డి ఎండి తెల్లబడే లోపు ఒకసారి మీ క్యాడీని అడిగి చూడండి, రఫ్‌లో (పొడవాటి గడ్డిలో) ఏ రంగు ముందు కనిపిస్తుందో అతనే చెబుతాడు.