ఉప్పుటేట్లో మడ మళ్లీ పెరిగింది, మరి వేట ఆపాలా?

ఆటుపోటు: ఏరు సముద్రంలో కలిసే చోట ఎండిపోయిన మడ అడవిని ఊళ్లవాళ్లే కమిటీగా ఏర్పడి బతికించుకున్నప్పుడు, చిన్న పాయల్లో కొన్నేళ్లు వేట ఆపాలని నా వాదన. పిల్ల రొయ్య, పిల్ల పీత పెరిగేది ఆ వేళ్ల మధ్యే. అక్కడ సన్నకన్ను వలతో గాలిస్తే సముద్రంలో వేటకు వెళ్లేవాళ్లకూ ఏమీ మిగలదు.

గట్టుమీద: ముందు ఒకటి చెప్పండి. నాటినవాటిలో బతికినవి ఎన్ని? ఎక్కడ చూసినా నాటిన రోజు ఫొటోలే.

ఆటుపోటు: నాటడం ఒక్కటే అయితే ఈ చర్చే అనవసరం. చెట్లు నరికేశాక నేల ఎండకు ఆరి, కుంగి, గిన్నెలా పల్లమవుతుంది. పోటుకు వచ్చిన నీళ్లు పాటుకు బయటికి పోవు. నిలిచి, ఆవిరై, ఉప్పు పేరుకుంటుంది. అందులో ఏం నాటినా చస్తుంది. తమిళనాడు పిచ్చావరంలోనూ మన గోదావరి డెల్టాలోనూ చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, నీళ్లు వచ్చిపోయేలా చేశాకే మడ నిలిచింది. ఒడిశా చిలిక సరస్సుకూ 2000లో సముద్రంలోకి కొత్త ముఖద్వారం తెరిచారు, 2002కల్లా అది చిత్తడి నేలల రామ్‌సర్ ఒప్పందం ప్రమాద జాబితా నుంచి బయటపడింది.

గట్టుమీద: చిలిక సరస్సు. నేనడిగింది మొక్కల లెక్క.

గుల్లలబుట్ట: మా అమ్మ పడవ ఎక్కదు. పాటు తీసినప్పుడు మోకాళ్ల దాకా బురదలో దిగి, చేత్తో తడుముతూ గుల్లలు ఏరుతుంది. మా దగ్గర కమిటీ ‘రక్షిత పాయ’ అని బోర్డు పెట్టింది. మర పడవలు బయట వేటాడుతూనే ఉన్నాయి, ఆగిపోయింది అమ్మ పనే. కాలువలో పూడిక ఎత్తడానికి మాత్రం ఆడవాళ్లందరినీ పిలిచారు.

పాయఒడ్డు: మా వైపూ ఇంతే.

ఆటుపోటు: ఒక్క ఇంటి కష్టం చూసి సడలిస్తే రేపు ప్రతివాళ్లూ మినహాయింపు అడుగుతారు.

గుల్లలబుట్ట: ఒక్క ఇంటి కష్టమా? మీరెప్పుడైనా ఆ బురదలో దిగారా? వేట ఆపొద్దని నేనెక్కడన్నాను? ఏ పాయలో పిల్ల గుల్ల ఎప్పుడు కనిపిస్తుందో అమ్మకు తెలుసు. ఆమెను అడగకుండా తీర్మానం రాశారు. సంతకాలన్నీ పడవల యజమానులవే.

ఆటుపోటు: అలా కోపపడితే ఎలా? కెన్యాలో గాజీ అఖాతం దగ్గర మడను కాపాడినందుకు, అంటే చెట్లు గాలిలోని కార్బన్‌ను పట్టి ఉంచుతున్నందుకు, కార్బన్ క్రెడిట్ల డబ్బు వస్తోంది. మంచినీళ్లకు, బడికి వాడుకుంటున్నారు. ఎలా ఖర్చు పెట్టాలో ఊళ్లే తేల్చుకుంటాయి. కట్టుబాటు ఉంది కాబట్టే అది సాగుతోంది.

గుల్లలబుట్ట: ఊళ్లే తేల్చుకుంటాయి అన్నారు కదా, నా గొడవ అక్కడే. ఊరంటే ఎవరు?

గట్టుమీద: లెక్క ఇంకా రాలేదు.

ఆటుపోటు: సరే. గుల్లలు ఏరేవాళ్లకు కమిటీలో సగం చోటు ఇచ్చాక కూడా పాయ మూయాలని తేలితే ఒప్పుకుంటారా?

గుల్లలబుట్ట: ఒప్పుకుంటాం. కానీ మర పడవల వలకన్ను కొలిచే అధికారం కూడా ఆ కమిటీకే ఉండాలి.

ఆటుపోటు: పడవలవాళ్లు దానికి ఒప్పుకోరు.

గుల్లలబుట్ట: మరి మా పాయ ఒక్కటీ ఎందుకు మూయాలి?