బోబాతా, టాస్క్ ప్రాక్టీసా? న్యూరో వార్డులో ఏది ఎలా ఎంచుకుంటారు?

బీపీటీ ఇంటర్న్, గుంటూరు
ఫిజియోథెరపీ ఇంటర్న్‌గా న్యూరో పోస్టింగ్‌లో ఉన్నాను. పక్షవాతం వచ్చి మూడు వారాలైన పెద్దాయన ఒకరున్నారు, టైలర్. కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. పొద్దున వచ్చే సర్ టోన్ (కండరాల బిగువు) తగ్గేదాకా నడిపించొద్దంటారు. మధ్యాహ్నం మేడమ్ వచ్చి లేపి నిలబెట్టి నడిపిస్తారు. బోబాత్, బ్రన్‌స్ట్రామ్, పీఎన్‌ఎఫ్, ఎంఆర్‌పీ అనే చికిత్స పద్ధతులన్నీ వైవా కోసం బట్టీ పట్టాను గానీ, పేషెంట్ దగ్గర ఎలా ఎంచుకోవాలో తెలియట్లేదు. వాళ్లబ్బాయి "ఎవరి మాట వినాలి సార్" అని నన్నే అడుగుతున్నాడు. సీనియర్లు చెప్పండి ప్లీజ్.

హోమ్ విజిట్ ఫిజియో, వరంగల్
తమ్ముడూ, పద్ధతి పేరు దగ్గర మొదలుపెడితే ఎప్పటికీ తేలదు. బోబాత్ దంపతులు లండన్‌లో 1940ల్లో మొదలుపెట్టినప్పుడు, అప్పటికి తెలిసినదాన్ని బట్టి ముందు టోన్‌ను అదుపు చేయాలన్నారు. బ్రన్‌స్ట్రామ్ అయితే సినర్జీ (కండరాలు విడివిడిగా కాక గుంపుగా కదలడం) కోలుకోవడంలో ఒక మెట్టు, వాడుకోండి అంది. 1980ల్లో సిడ్నీ నుంచి కార్, షెపర్డ్ వచ్చి అసలు పనినే నేర్పించమన్నారు, అదే ఎంఆర్‌పీ, టాస్క్ ప్రాక్టీస్. వీటన్నిటినీ పోల్చిన 2014 కొక్రేన్ సమీక్ష, ఫిజియో వల్ల మేలుంది, కానీ ఏ ఒక్క పద్ధతీ మిగతావాటికన్నా గొప్పదని చెప్పలేం అంది. ఇప్పటి బోబాత్ వాళ్లు కూడా టోన్ తగ్గేదాకా నడక ఆపమనరు. మీ సర్ చదువుకున్నది పాత బోబాత్ అయ్యుంటుంది.

నేనైతే ముందు ఉన్న కదలిక చూస్తాను. భుజం పక్కకి లేస్తుందా? వేళ్లు చాపగలడా? స్ట్రోక్ వచ్చిన 72 గంటల్లో ఈ రెండూ కాస్తయినా ఉంటే చెయ్యి మళ్లీ పనికొచ్చే అవకాశం చాలా ఎక్కువని 2010లో నెదర్లాండ్స్ వాళ్లు చూపించారు. మంచి చేతికి గ్లవ్ తొడిగి, పడిపోయిన చేతితోనే పని చేయించే సీఐఎంటీ ఉంది కదా, దానిమీద 2006లో వచ్చిన ఎక్సైట్ ట్రయల్‌లో మణికట్టు, వేళ్లు కనీసం 10 డిగ్రీలు వెనక్కి లేచేవాళ్లనే తీసుకున్నారు. ఆ మాత్రం లేని చేతికి గ్లవ్ పెడితే పేషెంట్‌ని ఏడిపించడమే. అలాంటప్పుడు అద్దంలో మంచి చేతి కదలిక చూపించే మిర్రర్ థెరపీ, కరెంటు స్టిమ్యులేషన్, భుజం జారకుండా చూసుకోవడం.

తర్వాత ఇల్లు. సినర్జీ ఏ స్టేజో రాసే ముందు, వాళ్ల బాత్రూమ్ ఇండియన్ టైపా వెస్టర్నా అడుగు. నా పేషెంట్లలో చాలామంది పడుకునేది నులక మంచం మీద. మధ్యలో కుంగిన ఆ మంచం నుంచి లేవడం ఎవరికైనా కష్టమే. హాస్పిటల్ బెడ్ మీద బ్రహ్మాండంగా లేచిన మనిషి ఇంటికెళ్లి లేవలేకపోవడం మామూలే.

ఇంటివాళ్ల సంగతి కూడా. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1250 మందితో అటెండ్ ట్రయల్ జరిగింది, 2017లో లాన్సెట్‌లో వచ్చింది. కుటుంబసభ్యులకు నేర్పించి ఇంట్లో చేయించినా, ఆరు నెలలకు మామూలు చికిత్సతో పోలిస్తే తేడా రాలేదు. అది చదివాక, ఫీజు దండగని "మేమే చేయించుకుంటాం, షీటు రాసివ్వండి" అనేవాళ్లకి నేను ఊరికే సరే అనను. రెండే పనులు చెప్పి, నా ఎదురుగా చేయించి, మళ్లీ వచ్చి చూస్తాను.

పేషెంట్ కూతురు, రాజమండ్రి
డాక్టర్ని కాదు, చదువుతూ రాస్తున్నా. మా నాన్నకి తెలిసినాయన ఒకరు కిటికీకి కప్పీ కట్టి, మంచి చేత్తో తాడు లాగి రెండో చెయ్యి పైకెత్తమన్నారు. భుజం నొప్పితో రాత్రంతా నిద్ర లేదు. తర్వాత వచ్చిన ఫిజియో మేడమ్ ముందు ఆ తాడు విప్పించారు. పావురం రక్తం రాయమన్న చుట్టాల టెన్షన్ వేరే. మాకు బోబాతో ఇంకోటో తెలియదండీ. "మీ నాన్నగారికి ముందు ఏం కావాలి?" అని ఆవిడొక్కరే అడిగారు. కుడి చేత్తో అన్నం కలుపుకోవాలన్నారు నాన్న. పిండితో మొదలుపెట్టించారు.

ఫిజియో, లీడ్స్
కుడివైపు అన్నావు కాబట్టి ఒకటి అడుగుతాను. మాట ఎలా ఉంది? ఎడమ మెదడు దెబ్బతింటే అఫేజియా (మాట రాకపోవడం, చెప్పింది అర్థం కాకపోవడం) ఉండొచ్చు. అప్పుడు నోటితో సూచనలు ఎన్ని చెప్పినా లాభం లేదు, చేసి చూపించాలి. చాలాసార్లు "పేషెంట్ కోఆపరేట్ చేయట్లేదు" అని ఫైల్లో రాసేది ఇదే.

ఇంకొకటి, మోతాదు. ఇక్కడ బ్రిటన్‌లో వైద్య సూచనలిచ్చే నైస్ సంస్థ 2023 గైడ్‌లైన్ అన్ని థెరపీలూ కలిపి రోజుకి 3 గంటలు, వారానికి 5 రోజులైనా ఇవ్వమంటుంది. అలాగని మొదటి రోజే తోసేయకూడదు. 2015లో వచ్చిన అవర్ట్ ట్రయల్‌లో 24 గంటల్లోపే లేపి ఎక్కువసేపు చేయించినవాళ్ల ఫలితాలు తగ్గాయి. మీ పేషెంట్‌కి మూడు వారాలైంది, ఆ భయం లేదు.

బీపీటీ ఇంటర్న్, గుంటూరు
థాంక్యూ సర్, అందరికీ. ఇవాళ చూశాను. మాట ముద్దగా ఉంది కానీ చెప్పింది అర్థమవుతోంది. వేళ్లు కొద్దిగా చాపుతున్నారు, మణికట్టు లేవట్లేదు. మరి మా సర్‌కి ఏం చెప్పాలి?

హోమ్ విజిట్ ఫిజియో, వరంగల్
అయితే గ్లవ్ ఇప్పుడే వద్దు. టైలర్ అన్నావుగా, బల్ల మీద గుడ్డ పరిచి కుడి అరచేత్తో నొక్కి పట్టుకోమను, ఎడమ చేత్తో సుద్దముక్కతో గీతలు గీయించు. బరువు పడుతుంది, పని తెలిసిందే కాబట్టి విసుగూ రాదు. సర్‌తో వాదన పెట్టుకోకు. కుర్చీ ఎత్తు కొలిచి, ఐదుసార్లు కూర్చుని లేవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఇవాళ రాసిపెట్టు. మేడమ్‌తో వారం నడిపించాక అదే కుర్చీ మీద మళ్లీ టైమ్ తీసి, ఆ కాగితం సర్‌కి చూపించు.